వేన్నీళ్ల కాగు చప్పుడు: గృహిణులు తెలిసికొనవలసిన సంగతులు

ఇంటిలోని ప్రతి వస్తువునకును ఒక పలుకు కలదు. ఎసరు మరుగుట చెవితోనే తెలియును. పోపు వేగుట చెవితోనే తెలియును. పాలు పొంగుటకు ముందు గిన్నె యంచున వినవచ్చు సన్నని సద్దును, పిల్లకు పాలిచ్చుచున్న తల్లియైనను గుర్తుపట్టి లేచి పరుగిడును. వంటయింటి చప్పుళ్లను మన మిట్లు తరతరములుగా నేర్చుకొంటిమి. కాని స్నానపుగదిలో గోడకు వ్రేలాడు వేన్నీళ్ల యంత్రము మన పల్లెటూళ్ల యిండ్లకు వచ్చి యెంతోకాలము కాలేదు. దాని పలుకును మన తల్లులు మనకు నేర్పలేదు. అందుచేత అది మ్రోగినప్పుడు కొందఱు భయపడుదురు; కొందఱు పెడచెవిని పెట్టుదురు. రెండును పొరపాట్లే యని మా యింట జరిగిన సంగతివలన మేము తెలిసికొంటిమి. దానిని తోడి గృహిణులకు నివేదించుటకే యీ వ్యాసము.

మా కాపురము వేదాద్రిలో. జగ్గయ్యపేటకు చేరువను, కృష్ణయొడ్డున, యోగానంద నృసింహస్వామి వెలసిన క్షేత్ర మిది. పూర్వము కృష్ణాజిల్లా మెట్టసీమ యనబడుచుండిన యీ ప్రాంతము 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. మా అత్తగారు కాపురమునకు వచ్చినప్పుడు పెరటిలో మూడు రాళ్లమీద రాగికాగు ఉండెడిదట. ప్రత్తికట్టె, కందికట్టె, మిరపకట్టె దాని క్రింద మండెడివి. తెల్లవాఱుజామున మొదట లేచినవారు కాగు క్రింద నిప్పు వేయుట, కడపట స్నానము చేసినవారు తిరిగి నీళ్లు నింపుట ఆ యింటి కట్టుబాటు. మా వారు ఉపాధ్యాయులు. వారును పిల్లలును ఒకే వేళకు బడికి పోవలసినవారు. పెరటిలో పొయ్యి రాజేయుటకు తీరిక లేకపోయెను. కావున నాలుగేండ్ల క్రిందట పదునైదు లీటర్ల గీజరు నొకదానిని గోడకు బిగించితిమి. బోరునీరు డాబామీది తొట్టిలోనికి ఎక్కును. అందుండి గీజరులోనికి దిగును.

మొదటి రెండేండ్లు అది ఉన్నదో లేదో తెలియకుండ పని చేసెను. మూడవ యేట ధనుర్మాసములో సన్నగా గులగుల మనుట మొదలిడెను. ఒకనాటి వేకువను మా అత్తగారు జపమాల చేతబట్టుకొని వచ్చి, “అమ్మాయీ, గోడలో నెవ్వరో గులకరాళ్లు కడుగుచున్నట్లున్నది, వింటివా?” అని అడిగిరి. మా చిన్నవాడు ముందునాటి రాత్రియే ప్రహ్లాదచరిత్రము వినియుండుటచేత, “గోడ పగిలి నరసింహస్వామి వచ్చునేమో, నాయనమ్మా” అని ఆమె కొంగు పట్టుకొనెను. అందఱమును నవ్వుకొంటిమి. నవ్వి ఊరకుంటిమి. అదియే మా మొదటి తప్పు.

కొన్నిదినములకు చప్పుడు పెరిగెను. దానికి తోడు గీజరు క్రింద, చన్నీళ్ల గొట్టము చేరుచోట, చుక్కచుక్కగా నీరు కాఱుట చూచితిమి. ఒక పనివానిని పిలిపించితిమి. అతడు ఒక నిమిషము చూచి, “చప్పుడు గీజర్లకు సహజమేనమ్మా; ఈ కాఱుడు మాత్రము ఆపెదను” అని, నీరు కాఱుచున్న చిన్నముక్కులో పుల్లముక్క దిగగొట్టి, పైన అంటుమందు పూసి, కూలి పుచ్చుకొని పోయెను. చుక్క నిలిచినదని మేము సంతోషించితిమి. అది మా రెండవ తప్పు. మొదటిదానికంటె ఎంతో పెద్దది.

ఆ పుల్ల సంక్రాంతివఱకు అట్లే యుండెను. పండుగకు వచ్చిన మా యన్నగారు ఆ మ్రోత విని, స్నానము మాని, నందిగామనుండి వృద్ధుడైన కరెంటు మేస్త్రి నొకనిని రప్పించిరి. అతడు మొదట ఇంటి మెయిను స్విచ్చి కట్టివేసెను. యంత్రము చల్లాఱువఱకు కూర్చుండి కాఫీ త్రాగెను. తరువాత నీరు దించి క్రిందిమూత విప్పగా, రెండు దోసిళ్ల తెల్లనిపెళ్లలు జలజల రాలి పళ్లెములో పడెను. వేలిలావు ఉండవలసిన కాయిలు చెఱకుగడవలె గణుపులు గణుపులుగా లావెక్కి యుండెను. దానికంటె ఆ పుల్లను చూచినప్పుడే అతని మొగము మాఱెను. “అమ్మా, చప్పుడు సంగతి అటుండనిండు. ఈ పుల్ల కొట్టినవాడు మీ యింటిలో బాంబు పెట్టి పోయినాడు” అనెను. మాకు ఒడలు జల్లుమనెను. ఆ దినమున అతడు చెప్పిన మాటలను, పిమ్మట మా వారు పుస్తకములు తిరుగవేసి వివరించిన విషయములను ఒకచోట కూర్చి చెప్పుచున్నాము.

మొదట, ఆ తెల్లనిపెళ్ల లెక్కడివి? గీజరులో మేము సున్నము వేయలేదు. వేసినది మా నేలయే. జగ్గయ్యపేట పరిసరములు సున్నపురాతి సీమ. జయంతీపురము, ముక్త్యాలలయందు సిమెంటు కర్మాగారములు వెలయుటకు ఈ రాయే కారణము. జగ్గయ్యపేటవద్ద ధనంబోడుమీది బౌద్ధస్తూపమును 1882లో బర్జెసు దొర త్రవ్వి పరిశీలించెను. అచట దొరకిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నున్నది. రెండువేల యేండ్ల క్రిందటి ఆ శిల్పి ఉలిపెట్టినది పలనాటి సున్నపురాతిమీదనే. కోట్ల యేండ్ల క్రిందట సముద్రగర్భమున పేరుకొన్న ఆ రాయియే నేడు మన చెంబులోనికి కరగి వచ్చుచున్నది.

రాయి కరగుట యెట్లని యడుగుదురేమో. వాననీరు నేలలోనికి ఇంకునప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొనును. సోడాలో బుడగలై యుండునది ఈ వాయువే. దానివలన నీటికి కొంచెము పులుపుగుణము కలుగును. ఆ నీరు సున్నపురాతి నెఱ్ఱెలలో పాఱుచు రాతిని కొంచెము కొంచెముగా కరగించుకొని బోరులోనికి చేరును. చూచుటకు స్ఫటికమువలె స్వచ్ఛముగానే యుండును. కాని దానిని కాచినప్పుడు ఆ వాయువు లేచిపోవును. వాయువు పోగానే సున్నము కరగియుండలేక మరల రాయియై, వేడియెక్కువగా నున్నచోటనే, అనగా కాయిలుమీదనే పేరుకొనును. దీనినే మన యిండ్లలో గార యందురు.

మీ నీటిలో సున్నము కలదో లేదో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కఱలేదు. కందిపప్పు ఎంతసేపటికిని మెత్తబడకుండుట, సబ్బు నురుగు రాక తెల్లని తెట్టె కట్టుట, స్టీలుబిందె యడుగున బూడిదవన్నె పొర పట్టుట, ఇవియే గుఱుతులు. రెండు సీసాలలో ఒకదాన వాననీటిని, రెండవదాన బోరునీటిని పోసి, సమానముగా సబ్బురజను వేసి కుదిపి చూడుడు. భేదము కంటికే కనబడును. మన దేశపు త్రాగునీటి ప్రమాణము ప్రకారము సున్నము మొదలగువాటివలని కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేఱొక నీరు దొరకనిచోట 600 వఱకు ఒప్పుకొనవచ్చును. ఈ సున్నము త్రాగువారికి హాని చేయదు. హాని యంత్రమునకే.

ఒక చిన్నలెక్క చూడుడు. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీటిని ఒక యింట దినమునకు 60 లీటర్లు కాచిరనుకొందము. దినమునకు 24 గ్రాములు, సంవత్సరమునకు ఎనిమిదిముప్పాతిక కిలోల సున్నము ఆ యంత్రముగుండ పోవును. అందు పదియవవంతు మాత్రమే లోపల నిలిచినను ముప్పాతిక కిలోకు పైమాట. మా పళ్లెములో పడిన పెళ్లలను చూచి మేము ఆశ్చర్యపడితిమి గాని, ఈ లెక్క వేసిన పిదప అన్నియే పడినందుకు ఆశ్చర్యపడవలసి వచ్చెను.

ఇక చప్పుడు సంగతి. ఇత్తడిచెంబును పొయ్యిమీద పెట్టి వినుడు. నీరు మరుగుటకు చాల ముందుగనే అది సన్నగా పాడును. అడుగున వేడి తగిలినచోట ఆవిరిబుడగలు పుట్టి, పైనున్న చల్లనినీటిలోనికి లేచి, అచట చప్పున చితికిపోవును. ఒక్కొక్క బుడగ చితుకుట ఒక్కొక్క చిన్న చిటిక. ఇట్టివి వేలకొలది కలిసినదే ఆ పాట. ఈ సంగతి పండితులకు చిన్నదిగా తోచలేదు. చెంబులోని నీటి సద్దును గూర్చి రేనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు వ్రాసినదానిని చదివి, రేలే ప్రభువు బుడగ చితుకునపు డెంత యొత్తిడి పుట్టునో 1917లో గణితముచేత నిరూపించెను. నోబెలు బహుమతి నందిన యంతటివాడు వంటయింటి చెంబు పాటను చెవియొగ్గి వినగా, మనము మన గోడలోని మ్రోతను వినకుండుట తగునా?

గార పట్టిన కాయిలులో ఇదే పాట రౌద్రరూపము దాల్చును. గారపెళ్ల క్రిందికి కొంచెము నీరు దూరి చిక్కుకొనును. అది పైకి పోలేదు. చల్లనినీరు దానిని చేరలేదు. కావున పైనీరు గోరువెచ్చగా నున్నప్పుడే క్రిందినీరు ఆవిరియై పెళ్లను తన్నుకొని వెలువడును; వెలువడి చన్నీటిలో చితుకును. రాలిన పెళ్లలు అడుగున చేరి ఆ తాకిడికి ఎగిరిపడును. మా అత్తగారు గులకరాళ్లని యెంత సరిగా చెప్పిరో చూడుడు! అవి నిజముగా రాళ్లే.

ఇచ్చట ఒక అపోహను తీర్పవలసియున్నది. గార పట్టిన గీజరు కరెంటును రెట్టింపు త్రాగునని పలువు రందురు. కట్టెలతోగాని గ్యాసుతోగాని కాచు కాగులయందు నష్టము నిజమే. నిప్పు వెలుపల, నీరు లోపల, నడుమ గార యున్నచో వేడి లోనికి పోలేక పొగతో పైకి పోవును, వంటచెఱకు వ్యర్థమగును. కాని విద్యుత్తు గీజరులో కాయిలు నీటిలోనే మునిగియుండును. అది పుట్టించిన వేడి నీటికి తప్ప మఱొకచోటికి పోదు. పదునైదు లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు, గార యున్నను లేకున్నను, దాదాపు మూడువంతుల రెండువంతుల యూనిటు వలయును; రెండు కిలోవాట్ల కాయిలుకు పదునెనిమిది, ఇరువది నిమిషములు పట్టును. నష్టము బిల్లులో కాదు, కాయిలు ప్రాణములో. గారను దుప్పటివలె కప్పుకొని అది లోలోపల మితిమీరి కాగి, పైతొడుగు పగులును. పగిలినప్పుడు కరెంటు నీటిలోనికి దిగును. ఆ నీరే మన బిడ్డల నెత్తిమీద పోయునది. గారచప్పుడును నిర్లక్ష్యము చేయరాదనుటకు అసలు కారణ మిదియే.

ఇప్పుడు ఆ పుల్ల మాట. నీరు కాగినప్పుడు ఉబ్బును. 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాగినచో నూటికి ఇంచుమించు ఒకటిన్నరవంతు పెరుగును. అనగా పదునైదు లీటర్లకు మన కాఫీగ్లాసెడు నీరు ఎక్కువగును. యంత్రము మూయబడి నిండుగా నుండును గనుక ఈ గ్లాసెడు నీటికి లోపల చోటు లేదు. అది వెలికి పోవుటకే చన్నీళ్ల గొట్టమువద్ద సేఫ్టీ వాల్వు అను చిన్నమర యుండును. కాచునప్పుడు దాని ముక్కునుండి చుక్కలు పడుట జబ్బు కాదు, ఆరోగ్యము. అన్నపుగిన్నె మూతను కొంచెము ఓరగా నుంచుట మనకు తెలియనిదా? కుక్కరు విజిలును పుల్లతో బిగించి పొయ్యి మండించు ఇల్లాలు ఎక్కడనైన ఉండునా? మేము చేసినది అట్టిపనియే.

గీజరులో వేడిని కనిపెట్టి కరెంటును ఆపు థర్మోస్టాటు ఒకటి కలదు. దాని గొట్టమునకు గార పట్టినచో నీటివేడి దానికి సరిగా తెలియదు; అది ఆపవలసినప్పుడు ఆపదు. దానికి తోడుగా కరెంటును త్రుంచు మఱియొక ఏర్పాటు కూడ నుండును. అదియు చెడినచో మిగిలిన కావలి ఆ వాల్వు ఒక్కటే. దానిని మూసివైచి, నీరు నూఱు డిగ్రీలు దాటి, డొల్ల పగిలెనా, ఆ నీటిలో కొంత ఒక్కుమ్మడి ఆవిరియగును. ఆవిరియైన నీరు తన పూర్వపు పరిమాణమునకు పదునాఱువందల రెట్లకు మించిన చోటు కోరును. గోడ నిలువదు. మా మూడు కావళ్లలో ఒకటి గారచేత మందగించియుండెను, ఒకటి పుల్లచేత మూయబడి యుండెను. మిగిలిన ఒక్కదానిమీద మా యింటిల్లిపాది ప్రాణములు ధనుర్మాసమంతయు ఆధారపడి యుండెనని తలంచుకొన్నప్పుడు నేటికిని నిద్ర పట్టదు.

కావున సోదరీమణులు ఈ చప్పుళ్ల భేదమును మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాము. కాగునప్పుడు వినవచ్చు సన్నని ‘సుయ్యి’ నీటి సహజమైన పాట, భయము లేదు. అప్పుడప్పుడు ‘టక్కు’మనుట థర్మోస్టాటు కలియుట, విడుట, లేదా లోహము వేడికి సాగుట, దానికిని భయము లేదు. గులకరాళ్ల చప్పుడు, పటపట, గుబగుబ గారకు గుఱుతు. భయపడ నక్కఱలేదు గాని ఆ నెలలోనే విప్పించవలెను. కొళాయి కట్టినవెంటనే గోడలో ‘ఢామ్మ’నుట గీజరుది కాదు, వేగముగా వచ్చు నీరు చప్పున నిలిచి గొట్టమును కొట్టుట. కొళాయిని మెల్లగా కట్టుడు. గొట్టము నూగకుండ గోడకు బిగింపు వేయించుడు. ప్లగ్గువద్ద చిటచిట, కాలిన వాసన వచ్చినచో ప్లగ్గును తాకవద్దు. తడిచేతితో అసలే వద్దు. మెయిను స్విచ్చి కట్టి మేస్త్రిని పిలువుడు. వాల్వునుండి చుక్కలకు బదులు బుసకొట్టుచు ఆవిరియో మరుగునీరో చిమ్మినచో పిల్లలను ఆవలకు పంపి, ఇంటి మెయిను స్విచ్చి కట్టి, గది తలుపు మూసి, చల్లాఱువఱకు కొళాయినైనను ముట్టవద్దు.

గార నివారణకు మేము అవలంబించుచున్న పద్ధతు లివి. వేడిమర నెప్పుడును కడకంట త్రిప్పము. 60 గుర్తువద్ద నుంతుము. అంతకు మించినకొలది సున్నము త్వరితముగా దిగును. ఒడలు కాలు ప్రమాదము కూడ పెరుగును. అట్లని నీటిని నులివెచ్చగా దినములతరబడి నిలువ యుంచుటయు మంచిది కాదు. ఇరువదినుండి నలువదియైదు డిగ్రీల వేడిలో లీజియొనెల్లా అను రోగక్రిములు పెరుగును. 60 డిగ్రీల నీరు పిల్లల లేతచర్మమును కొన్ని సెకండ్లలోనే కాల్చును గనుక బకెట్టులో మొదట చన్నీళ్లు, తరువాత వేన్నీళ్లు పోయుట మా యింటి నియమము. నూనె తలంట్లకు వాననీరో కృష్ణనీరో దొరకినచో వాటినే కాచుకొందుము. మా బోరునీటికంటె వాటియందు సున్నము తక్కువ.

ఏటికొకసారి, మా సీమవంటి సున్నపుసీమలో ఆఱునెలలకొకసారి, గీజరును విప్పించి కాయిలును కడిగింపవలెను. విప్పుట, బిగించుట మేస్త్రి పని, గృహిణి చేయరాదు. విప్పిన కాయిలును కడుగుటకు మాత్రము మన వంటయింటి మందు చాలును. లీటరు గోరువెచ్చని నీటిలో రెండుమూడు పెద్దచెంచాల నిమ్మఉప్పు కరగించి, కాయిలులోని తీగెలు చేరుకొస తడియకుండ, గారపట్టిన భాగమును కొన్నిగంటలు ముంచియుంచినచో నురుగు వచ్చి గార మెత్తబడును. ఆ నురుగు కూడ బొగ్గుపులుసు వాయువే. తరువాత కొబ్బరిపీచుతో తోమి మంచినీట కడుగవలెను. మరుగుదొడ్లు కడుగు ఘాటైన ఆమ్లమును వాడరాదు; అది గారతోపాటు లోహమును కూడ తినును. ఆ ఆమ్లమును బ్లీచింగుతో కలిపినచో విషవాయువు పుట్టును. డొల్ల లోపల తుప్పు పట్టకుండ తాను కరగిపోవు మెగ్నీషియము కడ్డీ యొకటి యుండును. అది అరిగినదా యని అప్పుడే చూపించి, అరిగినచో మార్పించుకొనుడు. చేతిలో పట్టు కాయిలుకడ్డీలకును, టీ కాచు విద్యుత్తు కెటిలులకును ఈ నిమ్మఉప్పు వైద్యమే చాలును. అల్యూమినియము పాత్రలకు మాత్రము తగదు.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది ఎర్తు తీగె. మూడుకాళ్ల ప్లగ్గున్నంతమాత్రమున ఎర్తు ఉన్నట్లు కాదు. గోడవెనుక తీగె నిజముగా నేలలోనికి దిగినదో లేదో పరీక్ష చేయించవలెను. మా మెట్టసీమలో వేసవిని ఎర్తుగుంత ఎండిపోవును. దానిలో నీరు పోయుట తులసికోటలో నీరు పోయుటవలె అలవాటు చేసికొంటిమి. కరెంటు దారితప్పిన తక్షణము త్రుంచివేయు 30 మిల్లీఆంపియర్ల రక్షకస్విచ్చిని మెయినువద్ద పెట్టించితిమి. ఇన్ని యున్నను, స్విచ్చి కట్టిన పిమ్మటనే స్నానమునకు పోవుట మానలేదు.

ఇది మన సున్నపుసీమకే పరిమితమైన బాధ కాదు. మా చెల్లెలి కూతురు పెండ్లియై లండను నగరమున నున్నది. అచటి చలికి ఇల్లంతయు వెచ్చచేయవలెను గనుక చాల యిండ్లలో గ్యాసుతో మండు బాయిలరు ఉండును. దాని వేన్నీరు గొట్టములవెంట గదిగదికి పోయి, గోడల చెంత నున్న ఇనుపపలకలను వెచ్చపఱచి, మరల వచ్చును. మా సంగతి విని ఆ పిల్ల ఫోనులో, “పెద్దమ్మా, మా బాయిలరుకును ఇదే గులకరాళ్ల వ్యాధి. ఇచ్చటివారు దానిని టీకెటిలు చప్పుడనియే పిలుతురు” అని చెప్పెను. లండను చుట్టుప్రక్కల నేల మెత్తని తెల్లసుద్ద. అదియు సున్నపురాయియే. కావున వేదాద్రిలోను లండనులోను ఒకే రాయి ఒకే పాట పాడుచున్నది. అచట ఇనుపపలకలలో గాలి చిక్కి గుడగుడ మనుట వేఱు. దానిని మీదిమరనుండి ఇంటివారే వదలవచ్చును. బాయిలరు గుబగుబలాడినచో దానిని విప్పు అధికారము ఇంటివారికి లేదు. 2009 నుండి గ్యాస్ సేఫ్ పట్టికలో పేరున్న పనివారే గ్యాసు బాయిలరును ముట్టవలెనని అచటి నియమము. సరిగా మండని గ్యాసునుండి రంగు, వాసన లేని కార్బను మోనాక్సైడు పుట్టి, నిద్రలోనే ప్రాణము తీయును. అందుచేత దానిని కనిపెట్టి కూయు చిన్నయంత్రమును కూడ వారు ఇంట పెట్టుకొందురు. మన పట్టణములలో గ్యాసు గీజర్లు వాడు సోదరీమణులు ఈ మాటను పదిలపఱచుకొనుడు: గాలి వచ్చు కిటికీ లేని స్నానపుగదిలో గ్యాసు గీజరు ఉండనే కూడదు.

ఇంతకును గీజరు అను పేరే ఉబుకుటనుండి పుట్టినది. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమున ఐస్లండు ద్వీపములో నేలనుండి ఉబికి చిమ్ము వేడినీటిబుగ్గ యొకటి కలదు. ఉబుకునది యను నర్థమున ఆ దేశీయులు దానిని గెయ్‌సిర్ అందురు. 1868లో లండనులో బెంజమిన్ మాన్ అను నతడు గ్యాసుతో నీరు కాచు తన యంత్రమునకు ఆ బుగ్గపేరు పెట్టెను. ఉబుకుటయే దాని స్వభావము. దానికి దారి యిచ్చి యేలుకొనుట మన పని. నోరు మూయుట కాదు.

ఆ వృద్ధమేస్త్రి పుల్ల తీసి, వాల్వు మార్చి, కాయిలు కడిగి బిగించి పోయిన మఱునాడు ఉదయము మే మందఱమును స్నానపుగది వాకిట నిలిచి వింటిమి. సుయ్యిమను సన్నని సద్దు తప్ప మఱేమియు లేదు. మా చిన్నవానికి కొంచెము నిరాశయే కలిగెను. ఆ పెళ్లలలో పెద్దదానిని వాడు తన పలకలపెట్టెలో దాచుకొన్నాడు. అది మాంధాత శిల్పపు రాయియేనని వచ్చినవారి కందఱకు చూపుచుండును. మా అత్తగారికి ఆంగ్లపు పేర్లు నోరు తిరుగవు. అయినను ప్రతిమాసము మొదటి దినమున నీరు కాగునప్పుడు ఆమె వాకిట నిలిచి, “అమ్మాయీ, ముక్కు తడిగా నున్నదా?” అని అడుగుదురు. మేము వ్రేలితో తాకకుండ, క్రింద చెంబు పట్టి చూచి, “తడిగానే యున్నదండి, అత్తగారూ” అని చెప్పుదుము. ఆ మాట విన్నపిదపనే ఆమె జపమునకు కూర్చుందురు.